చెయ్యి వెయ్యనా?

నేను నర్సుని కాదు. ఈ ముక్క ముందే చెప్పేస్తే నాకు కాస్త స్థిమితం. ఇరవై రెండేళ్ళుగా మా వదిన, అంటే మా ఆయన అక్కగారు, కనబడిన ప్రతివాళ్ళకీ నన్ను "మా తమ్ముడి భార్య, ఆసుపత్రిలో చేస్తుంది" అని పరిచయం చేస్తూ వచ్చింది. నేను చేసేది ఆసుపత్రిలో కాదు. టైర్ల కొట్టు పైన రెండు గదులున్నాయి, వాటిలో ఒకదానిలో. నొప్పులున్నవాళ్ళకి ఒళ్ళు పడతాను. మెడలు, నడుములు, భుజాలు, మోకాళ్ళు, ఏది పట్టేస్తే అది. ఒక ఎత్తుబల్ల, గోరువెచ్చటి నువ్వులనూనె, నాలుగు తువ్వాళ్ళు. ఇదీ నా ఆసుపత్రి.

పక్కగది యోగా నేర్పే ఆవిడది. అరవై దాటింది, మనిషి పుల్లలా ఉంటుంది, పొద్దుటినుంచి సాయంత్రందాకా "ఊపిరి వదలండి, ఊపిరి వదలండి" అనడమే ఆవిడ పని కాబట్టి అందరూ ఊపిరమ్మ అంటారు. నేను బిగుసుకున్న కండ సడలించి పంపితే, ఆ సడలింది మళ్ళీ బిగుసుకోకుండా ఎలా కదలాలో ఆవిడ నేర్పుతుంది. ఇద్దరం కలిసి పదిహేడేళ్ళుగా చేస్తున్నాం. రోజుకి మూడుసార్లు పోట్లాడుకుంటాం.

మా గదులకి రావాలంటే పదహారు మెట్లెక్కాలి. నొప్పులవాళ్ళకి మేడమీద గది ఏమిటమ్మా, బుద్ధుందా అని చాలామంది తిట్టారు. కానీ ఆ మెట్లే నాకు సగం పని చేసిపెడతాయి. అడుగుల చప్పుడు వింటే చాలు, మనిషి గుమ్మంలోకి రాకముందే ఏ పక్క నొప్పో, ఏ కాలు దాచుకుంటున్నారో తెలిసిపోతుంది. ఇది విద్య అనండి, రోగం అనండి. బజారులో నడిచేవాళ్ళని, బస్సెక్కేవాళ్ళని, ఇంట్లోవాళ్ళని కూడా అలాగే చూస్తాను. కళ్ళు మూసుకుంటే తప్ప ఆగదు.

నా గదిలో నియమం ఒక్కటే. బల్ల మీద పడుకున్న మనిషిని "చెయ్యి వెయ్యనా?" అని అడుగుతాను. "వెయ్యి" అని నోటితో అంటేనే వేస్తాను. "వద్దు" అంటే నూనె గిన్నె పక్కన పెట్టేసి కబుర్లు చెప్పి పంపేస్తాను. నాకు పని నేర్పిన పెద్దావిడ పెట్టిన నియమం ఇది. నొప్పి పడ్డ ఒళ్ళు దొంగలు పడ్డ ఇల్లులాంటిది, లోపల గడియ పెట్టుకుని కూర్చుంటుంది, బయటినుంచి తోస్తే ఇంకా బిగుస్తుంది, లోపలివాళ్ళే తియ్యాలి అనేది. నాకు తెలిసినంతలో ఇంతకన్నా నిజమైన మాట లేదు.

ఇక మా వదిన సంగతి. ఆవిడ లెక్కల టీచరు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఒకే బడిలో చెబుతోంది. ఆవిడ వరండాలోకి వస్తే చాలు, పిల్లలు కుక్కిన పేనుల్లా పడి ఉంటారు. పెళ్ళి చేసుకోలేదు. మా పైవాటాలోనే ఉంటుంది. మంచిదే, కాదనను. మా ఆయన చదువుకి, మా అత్తగారి జబ్బుకి ఆవిడే నిలబడింది. కానీ నా చేతులంటే ఆవిడకి రోత. ఊళ్ళోవాళ్ళ ఒళ్ళు పిసికిన చేతులు. ఆ మాట నా ముఖాన రెండే రెండుసార్లంది, అయితే రోజూ చేసి చూపించేది. తాళాలు ఇవ్వాలంటే నేను చెయ్యి చాపినా బల్ల మీద పెట్టేది. ఇరవై రెండేళ్ళలో ఏ వస్తువూ నా చేతిలో పెట్టలేదంటే పెట్టలేదు. మొదట్లో ఏడ్చాను. తరువాత నేనూ చెయ్యి చాపడం మానేశాను.

ఆ మనిషికి కుడిభుజం పట్టేసింది.

డాక్టరు ఫొటో తీయించి ఎముక బాగానే ఉంది, కీలు బిగుసుకుపోయింది, మెల్లగా కదిలించుకోవాలి అన్నాడట. ఆవిడ కదిలించలేదు, దాచింది. బోర్డు మీద రాత నెలనెలా కిందికి దిగిపోయింది. మొదట పైవరస వదిలేసింది, తరువాత పైసగం వదిలేసింది, చివరికి గడ్డం కింద రాయడం మొదలుపెట్టింది. వెనకబెంచీల వాళ్ళకి ముందువాళ్ళ తలలు తప్ప లెక్కలు కనబడేవి కావు. బోర్డు పైన మూల తేదీ రాయడానికి క్లాసులీడరు పిల్లని లేపేది. ముప్ఫై ఏళ్ళు ప్రతి పొద్దుటా తన చేత్తో రాసిన తేదీ అది.

పిల్లల తల్లిదండ్రులు ఊరుకుంటారా. హెడ్మాస్టరు సెలవులకి ముందు పిలిచి, ఏడు వారాలు టైముంది, బడి తెరిచేనాటికి చెయ్యి పైకి లేవకపోతే లైబ్రరీకి మార్చేస్తాను అన్నాడు. అది కూడా నవ్వుతూ, మీ మంచికే చెబుతున్నాను టీచరుగారూ అంటూ. ఇంక రెండేళ్ళ సర్వీసుంది ఆవిడకి. ఆ రెండేళ్ళూ పుస్తకాల దుమ్ము దులుపుతూ, పక్కగదిలో ఎవరో తప్పుల తడకగా లెక్కలు చెబుతుంటే వింటూ కూర్చోవాలి. ఆవిడకి అది బతికుండగానే సమాధి కట్టడం.

మా ఆయన వచ్చి నా దగ్గర కూర్చున్నాడు. అక్క పైన ఉంది, నువ్వు సాయంత్రం ఒకసారి వెళ్ళి, కర్టెన్లు వేసుకుని, ఎవరికీ తెలియకుండా కాస్త పట్టిరా అన్నాడు. ఆ "ఎవరికీ తెలియకుండా" దగ్గర నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"మీ అక్కగారికి నా గది ఎక్కడుందో తెలుసు," అన్నాను. "పట్టపగలు, ముందు మెట్లెక్కి, అందరూ కూర్చునే బెంచీ మీద కూర్చుని, తనవంతు వచ్చాక లోపలికి రమ్మను. కర్టెన్ల చాటున నేనేం తప్పుడు పని చెయ్యడం లేదు."

వారంపాటు నా చెవినిల్లు కట్టుకుని పోరాడు. నేను కదల్లేదు. ఈలోగా వదిన మాత్రలు మింగింది, సూది వేయించుకుంది. ఎవడో ఒక్క గుంజుతో భుజం బాగుచేస్తాడంటే వాడి దగ్గరకీ వెళ్ళి గుంజించుకుంది. ఇంటికి వచ్చేసరికి ముఖంలో నెత్తురు చుక్క లేదు. అప్పటికి రెండు వారాలు గడిచిపోయాయి.

ఆ మర్నాడు పదకొండింటికి మెట్ల మీద అడుగులు వినబడ్డాయి. ఎడమచేత్తో రెయిలింగు పట్టుకుని, కుడిచెయ్యి పొట్టకి అదిమిపెట్టుకుని ఎక్కే మనిషి అడుగులు. మా వదినే. బెంచీ మీద నడుంనొప్పి లారీ డ్రైవరు ఉన్నాడు. అతని కూతురు ఆవిడ క్లాసే. పాపం లేవలేక లేవలేక లేచి నిలబడి, టీచరుగారూ మీరా, మీకూ నొప్పా అన్నాడు. మా వదిన ముఖం మాడ్చుకుని, లేదు, మా తమ్ముడి భార్యతో పనుండి వచ్చాను అంది. అలాగే నిటారుగా అతని పక్కన ముప్పావుగంట కూర్చుంది.

లోపలికి వచ్చింది. బల్ల మీద పక్కకి తిరిగి పడుకుంది. నేను అరచేతిలో నూనె పోసుకుని రాసుకుంటూ, అందరినీ అడిగినట్టే అడిగాను.

"చెయ్యి వెయ్యనా?"

మళ్ళీ అడిగాను. "దానికేం, కానీ," అంది గోడవైపు చూస్తూ. కానీ అంటే కుదరదు వదినా, వెయ్యి అనో వద్దనో చెప్పాలి, ఇక్కడ అందరికీ ఇదే పద్ధతి అన్నాను. ఆవిడ లేచి కూర్చుంది. చెప్పులు వేసుకుంది. నన్ను చూడకుండానే పదహారు మెట్లూ దిగిపోయింది. నా అరచేతిలో నూనె చల్లారిపోయింది.

ఆ పూటంతా నా అంత మొనగత్తె లేదనుకున్నాను. సాయంత్రం ఊపిరమ్మ వచ్చి నాకు గడ్డి పెట్టింది.

"మాట పడిపోయిన తాతగారు రెప్ప ఆడిస్తే చాలన్నావు. ఆ చంటిపిల్ల తల్లి తల ఊపితే సరేనన్నావు. ఈవిడ దగ్గరకొచ్చేసరికి నోటితోనే చెప్పాలా? ఇది నియమమా, కచ్చా?"

"రెండూ," అన్నాను.

"కచ్చ బయట చెప్పులతోపాటు విడిచి రా. నియమం ఒక్కటే లోపలికి తెచ్చుకో," అని తన చాప చుట్టుకుని వెళ్ళిపోయింది. ఆవిడకేం, అరవై ఏళ్ళుగా ఊపిరి వదిలీ వదిలీ కోపం కూడా వదిలేసింది. నాకు అంత తేలిగ్గా పోదు.

రెండ్రోజుల తరువాత వదిన మళ్ళీ వచ్చింది. ఈసారి బెంచీ మీద ఎవరూ లేరు. నేను వెంటనే బల్ల ఎక్కమనలేదు. ముందు కాగితం నింపుదాం అన్నాను. ప్రతివాళ్ళకీ నింపుతాను, నొప్పి ఎక్కడ, ఎప్పుడు ఎక్కువ, ఎన్నాళ్ళనుంచి. మొన్న పౌరుషంలో అది కూడా మరిచిపోయాను.

ఎన్నాళ్ళనుంచి అని అడిగితే నాలుగు నెలలు అంది.

"ఏడాదిన్నర," అన్నాను. నోరు జారింది. జారాక వెనక్కి తీసుకోవడం నాకు రాదు. "బట్టలు ఆరేసే తీగ ఎత్తుగా ఉందని తమ్ముడి చేత జానెడు కిందికి కట్టించారు, గుర్తుందా? అంతకుముందు వారమే దువ్వెన ఎడమచేతికి మార్చారు. బడిసంచీ కూడా. అది మొదలు."

ఆవిడ కళ్ళజోడు సవరించుకుని నన్ను చూసింది. తప్పు లెక్క చేసినవాడిని చూసే చూపు. ఎన్ని వేలమంది ఆ చూపు కింద చెమటలు పట్టి నిలబడ్డారో, ఇప్పుడు నేను.

"అప్పుడే చూశావా నువ్వు?"

"చూశాను."

"అప్పుడే పట్టుకుంటే ఏమయ్యేది?"

"ఇంత బిగుసుకునేది కాదు. రోజుకి పది నిమిషాలు కదిలించుకుంటే చాలావరకు నిలిచిపోయేది."

"చూసి ఊరుకున్నావు."

కింద టైర్ల కొట్టులో గాలిమిషను బరబరమంటోంది. దాని చప్పుడు ఆగేదాకా నాకు టైము దొరికింది. చెప్పినా వినేవారు కాదు కదా అందామనుకున్నాను. అది సాకు. ఆ సంగతి నాకూ తెలుసు. తీగ కిందికి దించిన రోజున నేను వంటింటి కిటికీలోంచి చూస్తూ, ఈ చేతులంటే రోత కదా, చూద్దాం అనుకున్నాను. అచ్చం అదే మాట. నా వృత్తిలో ఇంతకన్నా పాపపు పని లేదు. తెలియక తప్పు చోట నొక్కితే క్షమించవచ్చు. తెలిసి చేతులు కట్టుకుని కూర్చోవడం వేరు.

"ఊరుకున్నాను," అన్నాను. "మీ చెయ్యి అలా దిగిపోతుంటే నాకు లోపల ఎక్కడో బాగానే ఉండేది వదినా. ఇప్పుడు చెప్పాను. ఇంక మీ ఇష్టం. వేరేవాళ్ళ దగ్గరకి పంపమంటే మంచివాళ్ళ అడ్రసు ఇస్తాను."

ఆవిడ లేచి, బల్ల దగ్గరకి వెళ్ళి, ఎడమచేత్తో కళ్ళజోడు తీసింది. పెట్టడానికి పక్కన స్టూలుంది. స్టూలు మీద పెట్టలేదు. నా చేతిలో పెట్టింది.

"నిన్ను క్షమించడం నా వల్ల కాదు," అంది పడుకుంటూ. "సెలవులు ఇంక ఐదు వారాలే ఉన్నాయి. వెయ్యి."

నేను అడగాల్సిన మాట ఇంకా అడగనే లేదు. అయినా అడిగాను, నియమం నియమమే కాబట్టి. వెయ్యమన్నానుగా, చెవుడా అంది. అప్పుడు వేశాను.

భుజం మీద వెయ్యలేదు. నొప్పి ఉన్నచోట నేను మొదట ఎప్పుడూ వెయ్యను. వీపు మీద, పక్కటెముకల దగ్గర అరచెయ్యి ఆనించి ఊరికే ఉంచాను. ఊపిరి నా చేతిదాకా రావడం లేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళు పిల్లల్ని అదిలించడానికి బిగబట్టిన ఊపిరి, పైనే కొట్టుకుంటోంది. నా చెయ్యిని లోపలినుంచి తోయండి అన్నాను. ఆ రోజుకి అంతే చేశాం. దీనికోసమా ఇంత రాద్ధాంతం అని సణుక్కుంటూ వెళ్ళింది. ఎడమచేత్తో రెయిలింగు మాత్రం పట్టుకోలేదు. అడుగులు విన్నాను.

తరువాత రోజూ వచ్చింది. నేను మెడ పక్కల, వీపు మీది రెక్క ఎముక చుట్టూ, చంక కింద గట్టిపడినవాటిని కొద్దికొద్దిగా సడలించేదాన్ని. అక్కడినుంచి ఊపిరమ్మ తీసుకుని, గోడ ముందు నిలబెట్టి, వేళ్ళతో గోడ మీద పైపైకి నడిపించేది. ఎంతదాకా అందితే అక్కడ పెన్సిలు గీత. లెక్కల మనిషి కదా, ప్రతి గీత పక్కనా తేదీ వేసుకునేది, ముందురోజుకి తేడా స్కేలుతో కొలిచేది.

పదోరోజున గీత ఒకేసారి నాలుగువేళ్ళు పైకి పోయింది. ఊపిరమ్మ సంబరపడిపోయింది. నేను గుమ్మంలోంచి చూస్తున్నాను.

"మడమలు కింద పెట్టండి వదినా."

మడమలు రెండూ గాలిలో ఉన్నాయి. పైగా నడుము పక్కకి వంచేసి, భుజాన్ని చెవిదాకా ఎత్తేసింది. జీవితమంతా కాపీ కొట్టేవాళ్ళ చెవులు పిండిన మనిషి, దొరికిపోయి గోడవైపే చూస్తూ నిలబడింది. ఊపిరమ్మ నవ్వాపుకోలేక దగ్గింది. నేను అస్సలు ఆపుకోలేదు. ఆవిడ రబ్బరు తీసి ఆ గీత చెరిపేసి, మడమలు ఆనించి, మళ్ళీ మొదలుపెట్టింది. నిజమైన గీత పాతదానికి రవ్వంత పైన పడింది. ఆ రవ్వంతకీ తేదీ వేసింది.

రోజూ బెంచీ మీద కూర్చునేది. బాగున్నారా టీచరుగారూ అంటే ఊఁ అనేది. ఎందుకొచ్చారంటే మాత్రం ఇంకా పనుండి అనే చెప్పేది. నేను పట్టించుకోనట్టే ఉండేదాన్ని. పట్టించుకునేదాన్ని.

ఐదువారాలు అయిపోయేసరికి చెయ్యి నుదుటిదాకా వచ్చింది. గడ్డం నుంచి నుదురు. తక్కువేం కాదు. కానీ బోర్డు పైమూల ఇంకా జానెడు ఎత్తున ఉంది. మా ఇద్దరికీ ఏడుపొచ్చినంత పనైంది. పట్టేసిన భుజం మన సెలవులు చూసి సడలదు వదినా, ఇంకో ఆరునెలలు ఇలాగే చెయ్యాలి, పూర్తిగా వస్తుందని నా నమ్మకం అన్నాను. అబద్ధం చెప్పి ఊరడించలేదు. హెడ్మాస్టరు ఆరునెలలు ఇవ్వడు అంది. అని, స్కేలు సంచీలో పెట్టుకుంటూ, రేపు నువ్వు కూడా బడికి రా అంది. ఎందుకో చెప్పలేదు.

వెళ్ళాను. క్లాసు నిండా నలభైమంది పిల్లలు. హెడ్మాస్టరు వెనకగోడకి ఆనుకుని, చేతులు కట్టుకుని, అదే నవ్వు. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. వదిన లోపలికి రాగానే లీడరు పిల్ల అలవాటుగా లేచి తేదీ రాయడానికి వచ్చింది. కూర్చో అంది వదిన. సుద్దముక్క తీసుకుని బోర్డువైపు తిరిగింది.

చెయ్యి లేచింది. గడ్డం దాటింది, ముక్కు దాటింది, నుదుటిదాకా వెళ్ళి ఆగిపోయింది. మడమలు కిందే ఉన్నాయి, నేను అదే చూస్తున్నాను. రెక్క ఎముక బెదిరి కరుచుకుపోయింది. ఊపిరి బిగబట్టేసింది. వెనకనుంచి హెడ్మాస్టరు గొంతు సవరించుకుని, ఎందుకండీ శ్రమ, లైబ్రరీలో చల్లగా గాలి కూడా వస్తుంది అన్నాడు. పిల్లలు ఒకళ్ళ ముఖాలొకళ్ళు చూసుకున్నారు.

నాకు ఒక్క అంగలో వెళ్ళి పట్టుకోవాలనిపించింది. వెళ్ళలేదు. ఆవిడ పిలవకుండా నా చెయ్యి ఆవిడ మీద పడదు, అది గదిలోనైనా ఇక్కడైనా.

"అక్కడే నిలబడి చూస్తావేం?" అంది వదిన, బోర్డువైపు నుంచి తిరగకుండానే. "ఇలా రా."

వెళ్ళాను. హెడ్మాస్టరు నన్ను చూసి, ఓహో, నర్సుగారు కదూ, చాలాసార్లు చెప్పారు అన్నాడు.

"నర్సు కాదు," అంది మా వదిన. క్లాసుకి చెప్పే గొంతుతో, ఒక్కో మాట విడదీసి. "మా తమ్ముడి భార్య. నొప్పులకి ఒళ్ళు పడుతుంది. టైర్ల కొట్టు పైన గది. ఐదువారాలుగా నేను రోజూ వెళుతున్నాను. ఇన్నాళ్ళూ మీకు నేను అబద్ధం చెప్పాను."

ఒళ్ళు పడుతుంది అనేసరికి మూడో బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆవిడ తల తిప్పి ఒక్క చూపు చూసింది. ఆ నవ్వు అక్కడే చచ్చిపోయింది.

నా అరచేతులు రెండూ రుద్దుకుని వెచ్చచేసుకున్నాను. నలభైమంది పిల్లల ముందు, హెడ్మాస్టరు ముందు అడిగాను.

"చెయ్యి వెయ్యనా?"

"వెయ్యి," అంది. వెనకబెంచీకి కూడా వినబడింది.

రెక్క ఎముక కింద అరచెయ్యి ఆనించి, మెల్లగా పైకి, పక్కకి తోడు నడిపిస్తూ, ఊపిరి వదలండి అన్నాను. వదిలింది. చెయ్యి నుదురు దాటింది. వెంట్రుకలు దాటింది. ఇంకో నాలుగువేళ్ళు, ఇంకో రెండు. పళ్ళ బిగువున ఆవిడ బుగ్గ వణుకుతోంది. సుద్ద బోర్డు పైమూలకి తగిలి కీచుమంది. తేదీ పడింది. అంకెలు వంకరటింకరగా, ఒకటి కొండెక్కుతూ ఒకటి దిగుతూ.

హెడ్మాస్టరు చప్పట్లు కొట్టబోయి, ఎవరూ కొట్టడం లేదని మానేశాడు. సంతోషం టీచరుగారూ, ఇంక చాలు, దించండి అన్నాడు.

వదిన దించలేదు. ఆ వంకర అంకెల్ని కాసేపు చూసి, ఎడమచేత్తో డస్టరు అందుకుని, వాటిని శుభ్రంగా తుడిచేసింది.

"బాగా రాలేదు. మళ్ళీ రాస్తాను," అంది నాతో. "నువ్వు చెయ్యి తియ్యకు."